కెర్నెల్ సొంతం, డ్రైవర్ అరువు

1991 సెప్టెంబరులో హెల్సింకీ విశ్వవిద్యాలయ విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ బయటపెట్టిన లినక్స్ 0.01లో మొత్తం కోడ్ 10,239 లైన్లు. 1994 మార్చి 14న 1.0 వచ్చేనాటికి అది 1,76,250 లైన్లయింది. 2025 మొదట్లో 4 కోట్లు దాటింది. ఈ చివరి లెక్కలో కామెంట్లు, ఖాళీ లైన్లు, వివరణ పత్రాలు కూడా ఉన్నాయి. వాటిని తీసేసినా 33 ఏళ్లలో వేల రెట్లు పెరిగినట్టే.

ఆపరేటింగ్ సిస్టమ్ సొంతంగా కట్టుకుందామనుకునే ప్రతి ఒక్కరికీ ఒక ప్రశ్న ఎదురవుతుంది. ఎంత మనమే రాసుకోవాలి? ఎంత ఇతరులు రాసింది తెచ్చుకోవాలి? అన్నీ నువ్వే రాయి, అప్పుడే తెలుస్తుందని కొందరంటారు. ఉన్నదాన్నే మళ్లీ రాయడం దండగని ఇంకొందరంటారు. రెండు సలహాలూ కోడ్‌నంతా ఒకే గాటన కట్టేస్తున్నాయి. ఆ 4 కోట్ల లైన్లూ ఒక్క రకానివి కావు. కొన్ని, రాసినవాళ్ల ఆలోచన: ఏ ప్రోగ్రామ్‌కు ఎప్పుడు వంతు ఇవ్వాలి, మెమొరీ ఎలా పంచాలి అన్నవి. మిగతావి బయటి ప్రపంచంతో పడ్డ పాట్లు: ఫలానా కంపెనీ చిప్ ఫలానా పరిస్థితిలో బిగుసుకుపోతుంది, ఫలానా లిపిలో అచ్చు గుర్తు ఫలానా చోట కూర్చుంటుంది అన్నవి. మొదటి రకం రాసుకోవచ్చు, నేర్చుకోవాలంటే రాసుకునే తీరాలి. రెండో రకం మళ్లీ మొదటినుంచి రాయడమంటే ఆ పాట్లన్నీ మళ్లీ పడటమే.

ఆలోచన అనే భాగం ఎంత పెద్దదో ముందు చూద్దాం. 1975 నాటి యూనిక్స్ ఆరో ఎడిషన్ కెర్నెల్ 10 వేల లైన్ల లోపే. ఆస్ట్రేలియాలోని న్యూ సౌత్ వేల్స్ విశ్వవిద్యాలయంలో జాన్ లయన్స్ దానికి వ్యాఖ్యానం రాసి, కోడ్‌తో సహా విద్యార్థుల చేతిలో పెట్టి పాఠం చెప్పారు. 1987లో ఆండ్రూ టానెన్‌బామ్ తన పాఠ్యపుస్తకంతో పాటు తెచ్చిన మినిక్స్ దాదాపు 12 వేల లైన్లు. నాలుగేళ్ల తర్వాత టోర్వాల్డ్స్‌ది 10 వేల పైచిలుకు. 2009లో సరిగ్గా పనిచేస్తుందని గణితపరంగా నిరూపించిన ఎస్ఈఎల్4 మైక్రోకెర్నెల్‌లో సీ భాష 8,700 లైన్లు, అసెంబ్లీ 600. మూడు దశాబ్దాల్లో కంప్యూటర్లు గుర్తుపట్టలేనంతగా మారాయి. కెర్నెల్ గుండెకాయ మాత్రం 10 వేల లైన్ల చుట్టుపక్కలే ఉండిపోయింది. అది ఒక మనిషి బుర్రలో పట్టే పరిమాణం.

అందుకే 2004లో అమెరికాలో ఒక సంస్థ, ఒక విద్యార్థి ఒంటరిగా ఇంత రాయలేడు, మినిక్స్ నుంచి ఎత్తేసి ఉంటాడు అని లేవనెత్తిన వాదన నిలబడలేదు. దాన్ని గట్టిగా తిప్పికొట్టింది మినిక్స్ రాసిన టానెన్‌బామే. కెర్నెల్ రూపకల్పన మీద టోర్వాల్డ్స్‌తో బహిరంగంగా పోట్లాడిన మనిషి, ఆ కోడ్ తనది కాదని తేల్చి చెప్పారు.

అయితే ఆ 10,239 లైన్లు ఒంటరిగా నడిచాయా అంటే, లేదు. 1991 ఆగస్టు 25న చేసిన తొలి ప్రకటనలోనే టోర్వాల్డ్స్ తన కెర్నెల్ మీద బ్యాష్ 1.08 షెల్, జీసీసీ 1.40 కంపైలర్ నడుస్తున్నాయని చెప్పాడు. ఆ రెండూ 1983లో రిచర్డ్ స్టాల్‌మన్ ప్రకటించిన గ్నూ ప్రాజెక్టువి. డిస్కు మీద ఫైళ్లను అమర్చే పద్ధతి మినిక్స్‌ది. కోడ్ రాసింది కూడా మినిక్స్ నడుస్తున్న కంప్యూటర్ మీదే. గ్నూ వాళ్ల దగ్గర కంపైలర్ నుంచి షెల్ దాకా అన్నీ ఉండి కెర్నెల్ లేదు. 1990లో మొదలుపెట్టిన హర్డ్ అనే కెర్నెల్ ఎంతకీ తెమల్లేదు. టోర్వాల్డ్స్ దగ్గర కెర్నెల్ ఉండి ఇంకేమీ లేదు. తనకు ఆసక్తి ఉన్న భాగం రాసుకుని మిగిలింది తెచ్చుకోవడమే లినక్స్ పుట్టుక. కంపైలర్ కూడా నేనే రాస్తానని ఆ కుర్రాడు కూర్చుని ఉంటే 1991లో మన చేతికి వచ్చేది ఏమీ ఉండేది కాదు.

ఇక పాట్ల సంగతి. ఒక్క ఉదాహరణను దగ్గరగా చూస్తే చాలు. ఇంటెల్ ఈ1000 అనే నెట్‌వర్క్ కార్డు ఉంది. క్యూఎము అనే ఎమ్యులేటర్ ఈ కార్డును సాఫ్ట్‌వేర్‌లోనే అనుకరించి చూపిస్తుంది, కాబట్టి ఆపరేటింగ్ సిస్టమ్ నేర్చుకునేవాళ్లు చాలామంది మొదట రాసే నెట్‌వర్క్ డ్రైవర్ దీనిదే. ఎంఐటీలో ఎక్స్‌వీ6 అనే బోధనా కెర్నెల్‌తో చెప్పే కోర్సులో ఒక అభ్యాసం ఇదే. విద్యార్థులు రెండే ఫంక్షన్లు పూర్తిచేయాలి, ఒకటి ప్యాకెట్ పంపడానికి, ఒకటి అందుకోవడానికి. పంపాల్సిన ప్యాకెట్ల వివరాలు 16 గడులున్న ఒక వలయంలో ఉంటాయి. ఒక్కో గడి 16 బైట్లు. ప్యాకెట్ మెమొరీలో ఎక్కడుందో, ఎంత పొడవుందో గడిలో రాసి, కార్డులోని ఒక రిజిస్టర్ విలువను ఒకటి ముందుకు జరిపితే కార్డు దాన్ని పంపేస్తుంది. కొన్ని పదుల లైన్లలో పని అయిపోతుంది. మొదటిసారి అవతలి నుంచి జవాబు వచ్చినప్పుడు కలిగే ఆనందం రాసినవాళ్లకే తెలుస్తుంది.

అదే కార్డుకు లినక్స్‌లో ఉన్న డ్రైవర్ 10 వేల లైన్లకు పైనే. అంటే 1991 నాటి మొత్తం కెర్నెల్ కంటే ఈ ఒక్క కార్డు డ్రైవర్ పెద్దది. కారణం, ఈ1000 అనేది ఒక కార్డు కాదు, ఒక కుటుంబం. 82542, 82543, 82544, 82540, 82541, 82547 ఇలా ఎన్నో చిప్‌లు, ఒక్కోదాని లోపం ఒక్కో రకం. 82547 సంగతే తీసుకోండి. పంపాల్సిన డేటాను కాసేపు దాచుకోవడానికి చిప్ లోపల ఒక చిన్న నిల్వ ఉంటుంది. చివరిదాకా నిండాక మళ్లీ మొదటి నుంచి నింపుతుంది. హాఫ్ డూప్లెక్స్‌లో, అంటే ఒకసారి ఒకవైపే మాట్లాడే లింకులో, ఒక పెద్ద ప్యాకెట్ ఆ చివరను దాటి మొదటికి చుట్టుకుందంటే కార్డు బిగుసుకుపోవచ్చు. అందుకని డ్రైవర్ ప్రతి ప్యాకెట్‌కు ముందు ఎంత చోటు మిగిలిందో లెక్కగట్టి, చివర దాటేలా ఉంటే ఇది తర్వాత పంపుదామని పైకి తిప్పికొడుతుంది. ఈ మాట ఏ పాఠ్యపుస్తకంలోనూ ఉండదు. క్యూఎము చూపించే కార్డులో ఈ జబ్బే లేదు. ఎక్కడో ఎవరికో నెట్‌వర్క్ ఆగిపోయి, ఫిర్యాదు వచ్చి, ఇంజినీర్లు తవ్వితే బయటపడే సంగతులివి. 10 వేల లైన్లలో ఎక్కువ భాగం ఇలాంటి అనుభవమే.

లినక్స్‌లో సగానికి పైగా కోడ్ డ్రైవర్లదే. ఏఎండీ గ్రాఫిక్స్ డ్రైవర్ ఒక్కటే 2020 నాటికి కెర్నెల్‌లో దాదాపు పదోవంతు. అందులో ఎక్కువ భాగం చిప్‌లోని రిజిస్టర్ల పేర్లు, అంకెలు. మనిషి టైపు చేసినవి కావు, యంత్రం తయారుచేసినవి. పరిమాణం ఒక్కటే కాదు, తప్పులు కూడా ఇక్కడే ఎక్కువ. స్టాన్‌ఫోర్డ్ పరిశోధకులు 2001లో లినక్స్ కోడ్‌ను యంత్రంతో పరీక్షించి చూస్తే, మిగతా కెర్నెల్‌తో పోలిస్తే డ్రైవర్లలో తప్పుల రేటు 3 నుంచి 7 రెట్ల దాకా ఉన్నట్టు తేలింది. డ్రైవర్ రాసేవాళ్లు తెలివితక్కువవాళ్లని దీని అర్థం కాదు. కెర్నెల్ మధ్యభాగాన్ని ప్రతి కంప్యూటరూ ప్రతి సెకనూ నడుపుతుంది, తప్పు ఉంటే వెంటనే కనబడుతుంది. ఒక డ్రైవర్‌ను ఆ కార్డు ఉన్నవాళ్లే నడుపుతారు. కొత్తగా మనం రాసుకున్న డ్రైవర్‌నైతే మనమొక్కరమే నడుపుతాం.

మరి తెచ్చుకోవడం అంత తేలికా? హైకూ కథ చూడండి. 2001 ఆగస్టులో బీ ఇన్‌కార్పొరేటెడ్ అనే కంపెనీ ఆస్తులు 1.1 కోట్ల డాలర్లకు పామ్ చేతికి పోయాయి. బీఓఎస్ అనే చక్కటి ఆపరేటింగ్ సిస్టమ్ అక్కడితో ఆగింది. దాని అభిమానులు అదే నెలలో దాన్ని మళ్లీ కట్టడం మొదలుపెట్టారు, అదే హైకూ. తొలి ఆల్ఫా 2009లో, తొలి బీటా 2018లో, ఐదో బీటా 2024 సెప్టెంబరులో వచ్చాయి. అప్పటికి 23 ఏళ్లు గడిచినా 1.0 రాలేదు. వీళ్లు సోమరులు కారు. కెర్నెల్‌కు పునాదిగా బీలో పనిచేసిన ట్రావిస్ గైసెల్‌బ్రెక్ట్ రాసుకున్న న్యూఓఎస్‌ను తీసుకున్నారు. బీఓఎస్ ప్రత్యేకత అనిపించుకున్న ఫైల్ సిస్టమ్‌ను మాత్రం సొంతంగా రాశారు. నెట్‌వర్క్, వైఫై కార్డుల దగ్గరికొచ్చేసరికి ఫ్రీబీఎస్‌డీ అనే మరో ఆపరేటింగ్ సిస్టమ్ డ్రైవర్లను తెచ్చుకున్నారు.

తెచ్చుకున్న పద్ధతి బాగుంది. ఫ్రీబీఎస్‌డీ డ్రైవర్ మెమొరీ కావాలన్నా, తాళం వేయాలన్నా, ఇంటరప్ట్ అందుకోవాలన్నా ఫ్రీబీఎస్‌డీలోని ఫంక్షన్లను పేరుపెట్టి పిలుస్తుంది. హైకూ వాళ్లు ఆ డ్రైవర్లను కూర్చుని తిరగరాయలేదు. అవే పేర్లతో తమ దగ్గర ఒక పొర రాశారు. లోపల అది హైకూ ఫంక్షన్లను పిలుస్తుంది. డ్రైవర్‌కు తాను ఇల్లు మారిన సంగతే తెలియదు. రేపు ఫ్రీబీఎస్‌డీలో ఒక తప్పు సరిచేస్తే, కొత్త ఫైళ్లు తెచ్చి పాతవాటి చోట పెట్టుకోవడం ఎక్కువ పని కాదు. ఈ పద్ధతిని అంతకుముందే యూటా విశ్వవిద్యాలయం వాళ్లు ఓఎస్‌కిట్‌లో చూపించారు. 1997 నాటి ఆ పనిలో లినక్స్, బీఎస్‌డీ కోడ్‌ను దాదాపు ముట్టుకోకుండా ఉంచి చుట్టూ జిగురు కోడ్ రాశారు. తెచ్చుకున్న కోడ్‌ను మనకు నచ్చినట్టు మార్చేస్తే ఆ రోజు హాయిగానే ఉంటుంది. ఏడాది తర్వాత మూలంలో పది మార్పులు వచ్చి ఉంటాయి, వాటిని కలుపుకోలేక మన ప్రతి వెనకబడిపోతుంది. నా లెక్కలో అరువు కోడ్ విషయంలో అన్నిటికంటే ఖరీదైన తప్పు ఇదే.

లినక్స్‌లో డ్రైవర్లు ఇంకా ఎక్కువ కదా, ఫ్రీబీఎస్‌డీ వైపు ఎందుకు వెళ్లారు? లైసెన్సు. లినక్స్ కెర్నెల్‌ది జీపీఎల్ రెండో వెర్షన్. ఆ కోడ్ కలిపి పంచితే మొత్తం కెర్నెల్‌ను అవే షరతుల మీద ఇవ్వాలి. హైకూది ఎంఐటీ లైసెన్సు, దానికి బీఎస్‌డీ లైసెన్సు ఇబ్బంది లేకుండా ఒదుగుతుంది. కొత్తవాళ్లు చివర్లో చూద్దాంలే అనుకునే కాగితం ముక్క ఇది. నిజానికి ఏ కోడ్ మనకు అందుబాటులో ఉందో మొదటిరోజే తేల్చేది ఇదే.

లైసెన్సు కోసమే మొత్తం తిరగరాసిన ఘటన కూడా ఉంది. బర్క్‌లీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం ఏటీ అండ్ టీ యూనిక్స్‌కు చేర్పులు చేస్తూ బీఎస్‌డీని పెంచింది. 1980ల చివర్లో యూనిక్స్ సోర్స్ లైసెన్సు ధర మండిపోతుంటే, ఏటీ అండ్ టీ కోడ్ లేకుండా చేద్దామని కీత్ బోస్టిక్ పూనుకున్నాడు. యుటిలిటీల పైకి తెలిసిన వివరణ ఒక్కటే చూసి మళ్లీ రాయమని స్వచ్ఛంద ప్రోగ్రామర్లను అడిగాడు. ఏడాదిన్నరలో దాదాపు అన్నీ వచ్చేశాయి. కెర్నెల్‌ను కూడా ఫైలు ఫైలూ వెతికి శుభ్రం చేస్తే చివరికి ఆరు ఫైళ్లు మాత్రం వదిలేయాల్సి వచ్చింది. 1991లో నెట్/2 పేరుతో ఆ ఆరు లేకుండానే విడుదల చేశారు. వాటి స్థానంలో కొత్తవి రాసి బిల్ జోలిట్జ్ 386బీఎస్‌డీ తయారుచేశాడు.

1992లో యూనిక్స్ హక్కులున్న యూఎస్ఎల్ ఈ బీఎస్‌డీ కోడ్ మీద దావా వేసింది. రెండేళ్లు నడిచింది. 1994లో రాజీ కుదిరినప్పుడు తేలిన లెక్క: 18,000 ఫైళ్లలో తీసేయాల్సినవి 3. ఇంకో 70 ఫైళ్లలో హక్కుల ప్రకటన చేర్చాలి. మూడు ఫైళ్ల కోసం రెండేళ్లు. ఆ రెండేళ్లలో కంపెనీలు బీఎస్‌డీని ముట్టుకోవడానికి జంకాయి, లినక్స్ 1.0కు చేరింది. తాను మొదలుపెట్టేనాటికి 386బీఎస్‌డీ దొరికి ఉంటే లినక్స్ బహుశా పుట్టేదే కాదని టోర్వాల్డ్స్ తర్వాత చెప్పాడు. కోడ్ ఎవరిదో తెలియని మూడు ఫైళ్లు ఒక ఆపరేటింగ్ సిస్టమ్ భవిష్యత్తును ఎంత పక్కకు జరిపాయో దీన్నిబట్టి ఊహించవచ్చు.

అరువు తెచ్చుకున్న కోడ్‌తో పాటు అందులోని తప్పులూ వస్తాయి. 2014 ఏప్రిల్‌లో బయటపడ్డ హార్ట్‌బ్లీడ్ పెద్ద ఉదాహరణ. ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ అనే భద్రతా లైబ్రరీలో, అవతలివాడు ఒక చిన్న సందేశం పంపి ఇది ఇంత పొడవుందని అబద్ధం చెబితే, ఆ పొడవును సరిచూసుకోకుండా సర్వర్ తన మెమొరీలోంచి 64 కిలోబైట్ల దాకా తిరిగి పంపేసేది. అందులో పాస్‌వర్డులు ఉండొచ్చు, రహస్య తాళాలు ఉండొచ్చు. 2012 మార్చి నుంచి రెండేళ్లు ఈ తప్పు ఎవరి కంటా పడలేదు. ఇంటర్నెట్‌లోని సురక్షిత వెబ్ సర్వర్లలో దాదాపు 17 శాతం, అంటే 5 లక్షల దాకా, దీని బారిన పడే స్థితిలో ఉన్నాయని లెక్కగట్టారు. అంతమంది వాడుకుంటున్న ఆ ప్రాజెక్టుకు విరాళాలుగా వచ్చేది ఏడాదికి 2,000 డాలర్లు. అందరూ వాడుకుంటున్నారు కాబట్టి అందరూ చూస్తూనే ఉంటారని ప్రతి ఒక్కరూ అనుకున్నారు. చూసినవాళ్లు లేరు.

అప్పుడు ఓపెన్‌బీఎస్‌డీ వాళ్లు చేసిన పని నాకు బాగా నచ్చుతుంది. కొత్త లైబ్రరీ మొదటినుంచి రాస్తామనలేదు. ఉన్నదాన్నే తీసుకుని, లిబ్రెఎస్‌ఎస్‌ఎల్ అని పేరుపెట్టి, చదవడం మొదలుపెట్టారు. ఎవరూ వాడని పాత కంప్యూటర్ల కోసం పేరుకుపోయిన కోడ్‌ను కోసేశారు. మొదటి వారంలోనే 90,000 లైన్లకు పైగా తీసేశారు. రాసుకోవడం, తెచ్చుకోవడం అనే రెండు దారుల మధ్య ఇది మూడో దారి: తెచ్చుకుని, చదివి, అక్కర్లేనిది తీసేయడం.

పదేళ్ల తర్వాత ఇంకోటి జరిగింది. 2024 మార్చి 29న ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే డేటాబేస్ ఇంజినీర్ ఎక్స్‌జడ్ అనే కంప్రెషన్ లైబ్రరీ 5.6.0, 5.6.1 వెర్షన్లలో ఎవరో దొంగదారి పెట్టారని ప్రకటించాడు. ఆయనకు అనుమానం వచ్చింది, దూరపు కంప్యూటర్‌లోకి వెళ్లే ఎస్ఎస్‌హెచ్ లాగిన్ 0.3 సెకన్ల బదులు 0.8 సెకన్లు తీసుకోవడం వల్ల. ఆ అర సెకను తేడాను పట్టించుకున్నాడు కాబట్టి ప్రపంచం గండం నుంచి గట్టెక్కింది. ఇక్కడ అసలు గమనించాల్సింది, ఆ లాగిన్‌ను నడిపే ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్‌కు ఎక్స్‌జడ్‌తో ఏ పనీ లేదు. కొన్ని లినక్స్ పంపిణీలు, సర్వర్ సిద్ధమైందని, ఇలాంటి సేవలను మొదలుపెట్టే సిస్టమ్‌డీకి ఒక కబురు పంపడం కోసం దాని లైబ్రరీని తగిలించాయి. ఆ లైబ్రరీ వెనకాల ఎక్స్‌జడ్ వచ్చింది. పంపాల్సిన కబురేమో ఒక సాకెట్‌లో వేసే చిన్న సందేశం. 2024 జులైలో వచ్చిన ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్ 9.8లో ఆ చిన్న పనిని లైబ్రరీ లేకుండా తామే రాసి పెట్టుకున్నారు. ఇంత చిన్న పనికి అంత పెద్ద లైబ్రరీని వెంటబెట్టుకురావడం కంటే ఇదే నయం.

రాసుకోవాలా, తెచ్చుకోవాలా అన్న ప్రశ్నకు ఒకే మనిషి రెండు వేర్వేరు జవాబులు ఇచ్చిన సందర్భం ఉంది. స్వీడన్‌కు చెందిన ఆండ్రియాస్ క్లింగ్ 2018 అక్టోబరులో సెరెనిటీఓఎస్ మొదలుపెట్టాడు. అక్కడి నియమం, బయటి కోడ్ ఏదీ వద్దు. కెర్నెల్, సీ లైబ్రరీ, కిటికీల వ్యవస్థ, బొమ్మల ఫార్మాట్లు, ఫాంట్లు, ఎన్‌క్రిప్షన్, చివరికి జావాస్క్రిప్ట్ ఇంజిన్, బ్రౌజర్ కూడా సొంతమే. ఎంతోమంది యువ ప్రోగ్రామర్లు వచ్చి చేరి, పీడీఎఫ్ ఎలా ఉంటుందో, టీఎల్ఎస్ ఎలా నడుస్తుందో చేత్తో రాసి నేర్చుకున్నారు. అంతకుముందు క్లింగ్ ఆపిల్‌లో వెబ్‌కిట్ మీద పనిచేశాడు. ఆ వెబ్‌కిట్ కూడా 2001లో ఆపిల్ కేడీఈ వాళ్ల కేహెచ్‌టీఎంఎల్‌ను తెచ్చుకుని పెంచిందే, 1.4 లక్షల లైన్ల లోపు ఉన్న చిన్న కోడ్ కావడమే దాన్ని ఎంచుకోవడానికి ఒక కారణం.

2024 జూన్‌లో క్లింగ్ లేడీబర్డ్ బ్రౌజర్‌ను సెరెనిటీ నుంచి వేరుచేశాడు. మనుషులు రోజూ వాడే బ్రౌజర్ కావాలన్నది కొత్త లక్ష్యం. దాంతో నియమం మారింది. గీయడానికి స్కియా, నెట్‌వర్క్‌కు కర్ల్, ఎన్‌క్రిప్షన్‌కు ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్, వీడియోకు ఎఫ్ఎఫ్ఎంపెగ్, అక్షరాలు కూర్చడానికి హార్ఫ్‌బజ్ వచ్చి చేరాయి. వెబ్ పేజీని చదివి అమర్చే ఇంజిన్, జావాస్క్రిప్ట్ ఇంజిన్ మాత్రం సొంతవే. కొత్త బ్రౌజర్ ఇంజిన్ కట్టడమే వాళ్ల ఆలోచన కాబట్టి ఆ భాగాన్ని ఎవరి దగ్గరా తెచ్చుకోలేదు. క్లింగ్ అభిప్రాయం మార్చుకున్నాడని కొందరు బాధపడ్డారు. నాకు అందులో వైరుధ్యం కనిపించదు. సెరెనిటీలో రాయడమే ఫలితం. లేడీబర్డ్‌లో ఫలితం పాఠకుడి తెర మీద పేజీ సరిగ్గా రావడం.

ఆ జాబితాలో చివర ఉన్న హార్ఫ్‌బజ్ దగ్గర తెలుగువాళ్లం ఒక్క క్షణం ఆగాలి. సొంత ఆపరేటింగ్ సిస్టమ్‌లో ఇంగ్లిష్ చూపించడం సులువు. ఒక సంకేతానికి ఒక బొమ్మ, పక్కపక్కన పెట్టుకుంటూ పోతే పదం తయారు. స్త్రీ అని రాసి చూడండి. తెరమీద ఒక్క అక్షరం. మెమొరీలో స, పొల్లు, త, పొల్లు, ర, గుడిదీర్ఘం, మొత్తం ఆరు సంకేతాలు, యూటీఎఫ్-8లో 18 బైట్లు. చివరన వచ్చిన గుడిదీర్ఘం ఎగిరివెళ్లి మొదటి సకారం తల మీద కూర్చోవాలి. త, ర ఒత్తులై కింద చేరాలి. ఏ జత కలిస్తే ఏ బొమ్మ రావాలో ఫాంటులోని పట్టికలు చెబుతాయి. వాటిని ఏ వరసలో వర్తింపజేయాలో తెలిసిన ఇంజిన్ ఉండాలి. యూనికోడ్ తెలుగుకు కేటాయించిన స్థానాలు 128 మాత్రమే. అవి కలిసే తీరుకు లెక్క లేదు.

ఈ పని ఎంత కష్టమో 2018 ఫిబ్రవరిలో లోకమంతా చూసింది. ఐఫోన్‌లో ఐఓఎస్ 11.2.5 నడుస్తున్నవాళ్లకు జ, పొల్లు, ఞ, దాని తర్వాత కంటికి కనిపించని విడదీత సంకేతం ఒకటి, ఆపైన దీర్ఘం, ఈ ఐదింటినీ వరసగా పంపితే సందేశాల యాప్ కూలిపోయింది. ఆపిల్ తన అక్షరాల ఇంజిన్‌ను తానే రాసుకుంటుంది. ఫిబ్రవరి 19న 11.2.6 విడుదల చేసి సరిదిద్దింది. వార్తలన్నీ తెలుగు అక్షరం ఫోన్లను పడగొట్టిందని రాశాయి. తప్పు మన అక్షరంలో లేదు, దాన్ని ఊహించని కోడ్‌లో ఉంది. హార్ఫ్‌బజ్‌లోనూ తప్పులు దొరికాయి, ఇంకా దొరుకుతాయి. కానీ దాన్ని ఆండ్రాయిడ్, క్రోమ్, ఫైర్‌ఫాక్స్, లిబ్రెఆఫీస్ కలిసి వాడుతున్నాయి. ఒక చోట దొరికిన తప్పును సరిచేస్తే అందరికీ సరవుతుంది. తెలుగు, సింహళం, బర్మీస్ లాంటి లిపులకు ఇది పెద్ద అండ. ఒక్కో కంపెనీ తనంత తాను రాసుకుంటే మొదట బాగుపడేది ఇంగ్లిషే, మన వంతు చివరికి వస్తుంది.

మన దేశంలో స్వదేశీ ఆపరేటింగ్ సిస్టమ్ మాట వచ్చినప్పుడల్లా ఒక ఎత్తిపొడుపు వినిపిస్తుంది, లోపలంతా లినక్సేగా అని. ప్రభుత్వ సంస్థ సీడాక్ తయారుచేసిన బాస్‌కు ఆధారం డెబియన్ అనే లినక్స్ పంపిణీ. 2023లో వార్తల్లోకి వచ్చిన భరోస్‌కు ఆధారం ఆండ్రాయిడ్ ఓపెన్ సోర్స్ కోడ్, రక్షణ శాఖ మాయాకు ఉబుంటు. హైదరాబాద్ కేంద్రంగా తెలుగు లినక్స్ కోసం పనిచేసిన స్వేచ్ఛ సంస్థ కూడా డెబియన్ మీదే కట్టింది. ఇది సిగ్గుపడాల్సిన విషయం కాదని చెప్పడానికి ఒక్క లెక్క చాలు. 2001లో డేవిడ్ వీలర్ రెడ్ హ్యాట్ లినక్స్ 7.1లో ఉన్న సోర్స్ కోడ్‌ను లెక్కపెట్టాడు. 3 కోట్ల లైన్లకు పైగా తేలింది. అదంతా మామూలు పద్ధతిలో కొత్తగా రాయాలంటే 8,000 మనిషి-సంవత్సరాలు, 100 కోట్ల డాలర్లకు పైగా ఖర్చవుతుందని అంచనా కట్టాడు. అది పాతికేళ్ల కిందటి లెక్క. డెబ్బై మంది కూర్చుంటే వందేళ్లు దాటే పని.

కాబట్టి అడగాల్సింది లోపల ఎవరి కోడ్ ఉందని కాదు. ఆ కోడ్‌ను చదివి తప్పు పట్టగల మనుషులు మన దగ్గర ఉన్నారా? డెబియన్‌లో ఒక భద్రతా సవరణ వస్తే మన పంపిణీలోకి ఎన్ని రోజుల్లో చేరుతోంది? మనం సరిచేసింది తిరిగి పైకి పంపుతున్నామా? ఎస్ఈఎల్4 కెర్నెల్ రూపొందించి రాయడానికి పట్టింది 2.2 మనిషి-సంవత్సరాలు. అది సరిగ్గా పనిచేస్తుందని నిరూపించడానికి, దానికి కావాల్సిన పనిముట్లతో కలిపి, 20 మనిషి-సంవత్సరాలు పట్టింది, 2 లక్షల లైన్ల నిరూపణ అవసరమైంది. డబ్బు పెట్టేవాళ్లు చూడాల్సిన నిష్పత్తి ఇది. సొంతం అనిపించుకోవడానికి కొత్తగా రాయించడం కంటే, వాడుతున్నదాన్ని చదివించడానికి, పరీక్షించడానికి జీతాలు ఇవ్వడం మేలు.

చివరి ఏడాది ప్రాజెక్టుగా ఆపరేటింగ్ సిస్టమ్ రాద్దామనుకుంటున్న ఇంజినీరింగ్ విద్యార్థులు ఏటా కొందరైనా ఉంటారు. వాళ్లకు నా సలహా ఇది. ఇంటరప్టులు, పేజీ పట్టికలు, వంతులు పంచే షెడ్యూలర్, సిస్టమ్ కాల్స్ మీరే రాయండి. ఎంత చిన్నగా వచ్చినా ఫరవాలేదు, అక్కడ లైబ్రరీ వెతక్కండి. క్యూఎములో ఈ1000 డ్రైవర్ కూడా ఒకసారి రాయండి, అదెందుకు అంత చిన్నగా వచ్చిందో లినక్స్ డ్రైవర్ పక్కన పెట్టుకుని చదవండి. బూట్‌లోడర్‌కు గ్రబ్ గానీ లిమైన్ గానీ తీసుకోండి. కంప్యూటర్ కరెంటు, పరికరాల వివరాలు చెప్పే ఏసీపీఐ జోలికి సొంతంగా వెళ్లకండి. ఆ ప్రమాణపత్రమే వెయ్యి పేజీలు దాటింది, అది చెప్పే చిన్న భాషను నడిపే ఇంటర్‌ప్రెటర్ ఇంటెల్ వాళ్ల ఏసీపీఐసీఏలో సిద్ధంగా ఉంది. లినక్స్, ఫ్రీబీఎస్‌డీ, హైకూ మూడూ అదే వాడుతున్నాయి. నెట్‌వర్క్ మీ అంశం కాకపోతే ఆడమ్ డంకెల్స్ స్వీడన్‌లో మొదలుపెట్టిన ఎల్‌డబ్ల్యూఐపీ సరిపోతుంది. దాని కోడ్‌కు దాదాపు 40 కిలోబైట్ల చోటు చాలు. సీ లైబ్రరీకి న్యూలిబ్ లేదా మజిల్.

తెచ్చిన ప్రతిదాన్నీ మీ కోడ్‌తో కలపకుండా వేరే ఫోల్డర్‌లో ఉంచండి. పక్కనే ఒక ఫైలులో ఎక్కడి నుంచి తెచ్చారో, ఏ వెర్షనో, ఏ లైసెన్సో రాయండి. లోపల మార్చక తప్పకపోతే ఆ మార్పును విడి ప్యాచ్‌గా దాచండి. వైవా రోజున పరీక్షకులు ఇందులో మీరు రాసిందెంత అని తప్పకుండా అడుగుతారు. అప్పుడు ఆ ఫైలు తెరిచి చూపించండి.